తుఫాను చూడని చేప

మల్లాడి పేరంటాలుకి భయపడటం వంట చెయ్యడం లాంటిది. రోజూ పొద్దున్నే కొత్తగా మొదలెట్టాల్సిందే. నిన్నటిది ఇవాళ్టికి పనికిరాదు. మొగుడి పడవ గట్టుకి చేరేదాకా సముద్రం గురించి భయం, చేరాక ఆయన మోకాళ్ల గురించి భయం. గ్యాసు బండ గురించి, తెగి పడబోయే కరెంటు తీగ గురించి, మనవరాలు ఆమని మింగబోయే చింతగింజ గురించి కూడా భయమే. ఆ చింతగింజ ఇంకా చెట్టు మీద కాయలోనే ఉన్నా సరే.

"మీ అమ్మ భయాలన్నీ ఎండుచేపల్లా ఎండేసి సంతకి పట్టుకెళ్తే, ఈపాటికి లంకంత ఇల్లు కట్టేద్దుమే" అనేవాడు నూకరాజు కూతురితో.

"మీరు నవ్వండి. రేపేదన్నా అయితే అప్పుడు తెలుత్తాది" అనేది పేరంటాలు. ఏమీ అయ్యేది కాదు. తను ముందే భయపడింది కాబట్టే ఏమీ కాలేదని ఆవిడ నమ్మకం.

వాళ్లది పెద్దమడ. మడ అడవుల మధ్య నుంచి గాడిపాయ మెలికలు తిరుగుతూ వచ్చి సముద్రంలో కలిసే చోట ఉంటుందా ఊరు. ఆ ఊళ్లో పుట్టి, నీళ్ల గురించి పెద్ద చదువు చదివి, మళ్లీ ఆ ఊరికే వచ్చి, మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో ప్రయోగశాల పెట్టుకుంది వాళ్ల కూతురు, ఆమని తల్లి, రత్నం. గోడలు మందం, లోపల ఎప్పుడూ చల్లగా ఉంటుంది, తను కట్టిన యంత్రానికి బాగుంటుందని. యంత్రానికి ఆ పిల్ల పెట్టిన పేరు మరునీరు. ఊరు పెట్టిన పేరు వాసన మిషను.

"అమ్మా, ఒకసారి వచ్చి కూర్చో" అని ఒకరోజు మధ్యాహ్నం పిలిచింది రత్నం.

"షాకు కొట్టదు కదా?"

"కొట్టదు."

"ఎప్పుడన్నా కొట్టిందా?"

"కూర్చోమ్మా."

యంత్రం గుమ్మిలా గుండ్రంగా ఉంది. రత్నం దాని అరలో ఒక తెల్లటి రాయి పెట్టింది, చిక్కుడుగింజంత. పేరంటాలు దాన్ని చూడగానే గుర్తుపట్టింది. పండుగొప్ప చేప తల పగలగొడితే లోపల రెండు రాళ్లుంటాయి, జంటగా. అవతల ఊళ్లవాళ్లు పెంట మీద పారేస్తారు. వీళ్ల ఇళ్లల్లో పారెయ్యరు, ఉప్పు జాడీలో వేసి దాస్తారు. బిడ్డ పుడితే, ఉయ్యాల నాడు పట్టిన చేప తలలోంచి ఆ జంటరాళ్లు తీసి, లక్క కరిగించి, రెండూ కలిపి ముద్ద చేసి మొలతాడుకి కడతారు. దిష్టి తగలదు, గాలి సోకదు. జంటని మాత్రం విడదియ్యకూడదు. విడదీస్తే ఆ దిష్టంతా తిరిగొచ్చి బిడ్డ మీదే పడుతుందని పేరంటాలుకి వాళ్లమ్మ చెప్పింది. వాళ్లమ్మకి వాళ్లమ్మ చెప్పింది.

"ఇది అమ్మమ్మ జాడీలో అడుగున దొరికింది" అంది రత్నం. "ఇవి చేప చెవిరాళ్లమ్మా. చేప బతికినన్నాళ్లూ రోజుకో పొర పెరుగుద్ది, ఉల్లిపాయలాగ. ఏ రోజు ఏ నీళ్లలో ఈదిందో ఆ నీళ్ల గుట్టంతా ఆ రోజు పొరలో ఉండిపోద్ది. నా మిషను ఒక్కో పొరే గీకి, ఆ గుట్టు చదివి, మళ్లీ అవే నీళ్లు కలిపి ఇస్తాది. చదివినకొద్దీ రాయి అరిగిపోద్ది. ఒక్కసారే చదవగలం."

యంత్రం పిల్లిలా గురగురలాడింది. గాజు పలక మీద ఒక చుక్క రాలింది. రత్నం దాన్ని తల్లి ముక్కు దగ్గర పెట్టింది.

ముందు ఉప్పు. తర్వాత మడపూల తీపి, నానిన ఆకుల వగరు, ఎక్కడో దూరంగా వరద నీటి మట్టి కమ్మదనం. పేరంటాలు కళ్లు మూసుకుంది. మోకాలి లోతు ఏట్లో నిలబడి గవ్వలు ఏరుతున్న తన తల్లి, ఆవిడ కుచ్చిళ్లు పట్టుకుని తను. ఆ ఏరు ఇలా ఉండేదని ముక్కుకి గుర్తుంది, తనే మర్చిపోయింది.

"ఇది... ఇది మా యమ్మ నాటి ఏరే, రత్తాలూ!" అని నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఇంకో సుక్క రాల్చవే."

పది చుక్కలు పీల్చాక అడిగింది. "ఇంతలేసి పీల్చితే ఊపిరితిత్తులకేటీ అవదు గదా?"

*

ఇప్పటి గాడిపాయలో ఆ వాసన లేదు. ఆమని పుట్టిన ఏడు తుఫాను వచ్చింది. తెల్లారి చూస్తే ఏరంతా చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. నీళ్లు నీలంగా, ఊదాగా, చీర అంచులా మెరిశాయి. ఎగువనున్న రంగుల ఫ్యాక్టరీ వాళ్లు, తుఫానుకి మా రంగునీళ్ల గుంట గేటు ఊడిపోయింది, మేమేం చేస్తాం అన్నారు. అప్పట్నుంచీ నూకరాజు లాంటివాళ్లు చేపల కోసం సముద్రంలో దూరం పోవాల్సి వచ్చింది. అందుకే పేరంటాలుకి ఆ మోకాళ్ల భయం.

ఆ కేసే ఇప్పుడు విచారణకొచ్చింది. రత్నం సాక్ష్యం చెప్పాలి.

"నువ్వెందుకే? ఇంకెవరూ లేరా దేశంలో?" అని పేరంటాలు చేపల పొలుసు గీకుతూ గొడవ పెట్టింది. "ఆళ్లు లారీ ఎట్టి గుద్దిచ్చేత్తారు. నువ్వా స్కూటరు ఎక్కడం మానెయ్యి. బస్సులో ఎల్లు. బస్సులోనూ ముందు సీటు వద్దు."

"ఎనకాల సీటు?"

"ఎనకాల సీటు కుదుపు."

రత్నం నవ్వి, తల్లి పక్కన పీట వేసుకు కూర్చుంది. "మునుపు ఏరుని పాడుచేస్తే ఏమయ్యేదో తెలుసా అమ్మా? జరిమానా. కట్టేసేవారు, మళ్లీ వదిలేవారు. సినిమాకి టిక్కెట్టు కొనుక్కున్నట్టు ఏరుని చంపడానికి టిక్కెట్టు కొనుక్కునేవారు. తర్వాత దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. ఏరుని గానీ అడవిని గానీ తెలిసి తెలిసి చంపినోడు నేరస్తుడు, జరిమానాతో వదలకూడదు, జైల్లో పెట్టాలి. కూలోణ్ని కాదు, చెయ్యమన్నోణ్ని పెట్టాలి అని. మన దేశమూ సంతకం పెట్టింది. తుఫానుకి ముందు ఏడే మన చట్టం కూడా మారింది. ఆ చట్టం కింద ఇదే మొదటి కేసు."

"అయితే ఇంకేటి, ఏసెయ్యమను జైల్లో."

"తెలిసి తెలిసి అన్న మాట దగ్గరే ఉంది కిటుకంతా. తుఫానుకి గేటు ఊడిపోతే అది ప్రమాదం. మళ్లీ జరిమానాయే. కావాలని తీశారని రుజువు చెయ్యాలి. నాకు అనుమానం ఏంటంటే, తుఫానుకి ముందు నుంచే కొంచెం కొంచెం వదిలేవారని. సముద్రం పోటుపాట్లు ఎక్కువగా ఉన్న రోజు చూసి వదిలితే, నీళ్లు వెనక్కి తీసే పాటులో అంతా సముద్రంలోకి లాగేస్తాది, అధికారి సీసా పట్టుకుని వచ్చేసరికి నీళ్లు తేటగా ఉంటాయి. నీళ్లు పోయాయి. చేప చెవిరాయిలో మాత్రం పోలేదు. ఆ ఏడాది రాళ్లు నువ్వు దాచిన జాడీలో ఉన్నాయి కదా. అవే మన సాక్షులు."

పేరంటాలు కత్తిపీట పక్కన పెట్టింది. తను దాచిన రాళ్లు కోర్టుకెళ్తాయా!

"ఇంకో షరతుంది" అంది రత్నం. "సాక్ష్యం రెండు వాటాలు ఉండాలి. ఒకటి మనం చదివి చూపించాలి, రెండోది ముద్దాయికి ఇవ్వాలి."

"ముద్దాయికా! దొంగోడికి తాళం ఇచ్చినట్టు?"

"మనం అబద్ధం ఆడట్లేదని వాడే చూసుకోడానికి. న్యాయం అంటే అందరికీ న్యాయమే అమ్మా. చేపకి చెవులు రెండున్నాయి కాబట్టి మనకి దిగుల్లేదు."

విచారణ ముందు రోజు రత్నం జాడీ తెమ్మని కబురు చేసింది. పేరంటాలు మూత తీసి చూసుకుంది. రాళ్లు పసుపుగా, నల్లగా, ఉప్పు మడ్డి పట్టి, నీచు కంపు కొడుతున్నాయి. కోర్టుకెళ్లే వస్తువులు. జడ్జిగారు చూస్తారు, పేపరువాళ్లు ఫొటోలు తీస్తారు. వీళ్లింట్లో సామాను తోమే దిక్కు లేదా అనుకోరూ?

నేరుగా పెరట్లోకి తీసుకెళ్లింది.

ఐసు ఫ్యాక్టరీలో రత్నం జాడీ బల్ల మీద బోర్లించింది. రాళ్లు ముత్యాల్లా ధగధగలాడుతున్నాయి.

"వీటినేం చేశావమ్మా?"

"తోమేనే. సూడు, ఎలా మెరుత్తున్నాయో!"

"దేంతో?"

"సింతపండుతో. ఒట్టే, కూరలోది కాదు, దేవుడి గిన్నెలు తోమే కొత్త సింతపండే. ఎంత మురికి పట్టిందో, నురగలు నురగలుగా వచ్చిందే తల్లీ."

రత్నం స్టూలు మీద కూలబడింది. "అమ్మా. సున్నం మీద పులుపు పోస్తే ఏమవుద్ది?"

"పొంగి కరి..." పేరంటాలు ఆగిపోయింది.

"ఇవి సున్నపు పొరలేనమ్మా. చివరి నెలలవన్నీ పైపొరలు. సరిగ్గా నాకు కావలసినవి."

వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డ నూకరాజు సంగతి అర్థం చేసుకున్నాడు. "దేశంలో మొట్టమొదటి ఏటి కేసు" అన్నాడు మెల్లిగా, "పులుసెట్టేసింది మీ యమ్మ."

రత్నం మొదట బిగబట్టుకుంది. తర్వాత నవ్వొచ్చేసింది. బల్ల మీద తల పెట్టుకుని, భుజాలు అదిరిపోయేలా, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వింది. నూకరాజు కూడా నవ్వాడు. పేరంటాలు నవ్వలేదు. జీవితమంతా ఎన్నెన్నో ఊహించుకుంది గానీ, తన చేతిలో చింతపండు ఇంత పని చేస్తుందని మాత్రం ఊహించుకోలేదు.

*

కొత్త చట్టం ప్రకారం ఏటి కేసు ఏటి ఒడ్డునే విచారించాలి. పెద్దమడలో అంత పెద్ద గది తుఫాను షెల్టరు ఒక్కటే. అక్కడే బల్ల వేసి, జాతీయ జెండా పెట్టి, జడ్జి హంసవేణిగారు కూర్చున్నారు. కళ్లద్దాల మీంచి చూసే మనిషి, తక్కువ మాట్లాడతారు. ఫ్యాక్టరీ తరఫున లాయరు గున్నేశ్వరరావు వచ్చాడు. మంచి గొంతు. మేనేజరు పక్కనే తెల్ల చొక్కాలో కూర్చున్నాడు.

"గేటు తుఫాను ఊడగొట్టింది" అన్నాడు గున్నేశ్వరరావు. "ప్రకృతి చేసిన పనికి మనిషిని జైల్లో పెట్టమని ఏ దేశపు ఒప్పందంలోనూ లేదండి. వీళ్ల దగ్గర ఒక్క చుక్క నీరుందా, తుఫానుకి ముందుది?"

జడ్జిగారు రత్నం వైపు చూశారు. రత్నం నిజమే చెప్పింది. ఉన్న నమూనాలు పాడైపోయాయి, తప్పు మా ఇంట్లోనే జరిగింది అంది. ఎవరి చేతిలో జరిగిందో చెప్పలేదు. వెనక వరసలో పేరంటాలు కొంగు నోట్లో కుక్కుకుంది. కేసు మరుసటి వారానికి వాయిదా పడింది.

ఆ సాయంత్రం పేరంటాలు ఆమనికి నలుగు పెట్టి నీళ్లు పోస్తుంటే, రత్నం వచ్చి గట్టు మీద కూర్చుంది. పిల్ల మొలతాడుకి వేలాడుతున్న ఎర్రటి లక్క ముద్ద నీళ్లలో తళతళమంది. రత్నం దాన్ని చూసింది. చటుక్కున చూపు తిప్పుకుంది.

"వద్దు" అంది పేరంటాలు.

"నేనేమీ అనలేదమ్మా."

"అనలేదు. సూసావు."

"చూశాను." రత్నం కాళ్లు ముడుచుకుంది. "దీని ఉయ్యాల తుఫానుకి ముందు వారమే కదా చేశాం. నాన్న ఆ పొద్దున గాడిపాయలోనే పట్టాడు ఆ చేపని. అంటే అది తుఫాను మొహం చూడని చేప. దాని చెవిలో రంగు ఉంటే, తుఫాను మీద నెట్టడానికి ఎవడికీ వీల్లేదు. జంటరాళ్లు, లక్కలో సీలు. ఊరి ఆడోళ్లందరి ముందూ నువ్వే వేసిన సీలు. జాడీలో ఉన్నవాటి కంటే గట్టి సాక్ష్యం." ఒక్క క్షణం ఆగింది. "కానీ అడగను."

"ఏం? ఎందుకడగవు?"

"అడిగితే ఇచ్చేస్తావు. ఇచ్చాక బతికినన్నాళ్లూ భయపడతావు. దీనికి తుమ్ము వచ్చినా కేసు వల్లే అంటావు." రత్నం చెయ్యి తన మెడ దగ్గరికి పోయింది. అక్కడ, గొలుసులో గుచ్చుకుని, చిన్నప్పటి తన లక్క ముద్ద ఉంది. "అంత చదువుకున్నానా, మిషను మొరాయించినప్పుడల్లా నేనూ దీన్నే పట్టుకుంటానమ్మా. నాకూ భయమే."

పేరంటాలు చెంబు కింద పెట్టింది. ఈ పిల్లకి భయం లేదనుకుంది ఇన్నాళ్లూ. భయం లేని పిల్లకి తనొక్కతే కాపలా అనుకుంది.

మర్నాడు పొద్దున ఆమని ఏటి గట్టు దాకా పరిగెత్తింది. పేరంటాలు కేకలు పెట్టుకుంటూ చేరేసరికి, పిల్ల గట్టు మట్టి పిడికిలితో తీసి నోట్లో పెట్టుకుంది. మట్టి ఊదా రంగులో ఉంది. పేరంటాలు వేలు పెట్టి నోరు కడిగింది, మళ్లీ కడిగింది, కొంగుతో నాలుక తుడిచింది. పెదాల మీద ఊదా మరక మాత్రం ఒక పట్టాన పోలేదు. ఆమని అదేదో ఆట అనుకుని కిలకిలలాడింది. మొలకి లక్క ముద్ద ఊగుతూనే ఉంది.

పేరంటాలు ఆ ముద్దనీ చూసింది, ఆ మరకనీ చూసింది.

పిల్లతో ఇంటికొచ్చి కూతురి ముందు నిలబడి, ఆ ఊదా మరక చూపించింది. "దిష్టికి తాయెత్తు కట్టేను. గాలికి కట్టేను. దీనికేటి కట్టనే?"

రత్నం లేచి కత్తెర అందుకుంది.

"కత్తెర ఇప్పుడు వద్దు. జడ్జిగారి ముందే కోత్తాను. మళ్లీ ఆ లాయరు, ఇంట్లో మార్చేశారంటాడు." అని లోపలికి పోతూ గుమ్మంలో తిరిగింది. "పిల్లకి జొరం వత్తే మాత్రం నీ మీదే ఎడతాను."

*

వాయిదా నాడు షెల్టరు కిటకిటలాడింది. పేరంటాలు చంకలో పిల్లతో బోనులోకి వెళ్లింది. ఆమని బోను చెక్క మీద దరువేసింది.

"ఈ ముద్ద ఎప్పుడు కట్టారమ్మా?" అడిగారు జడ్జిగారు.

"ఉయ్యాల నాడండి. ఆయ్, తుఫానుకి ముందు వారం."

"చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

పేరంటాలు వెనక్కి తిరిగింది. తిరిగేలోపే షెల్టరులో సగం మంది ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.

"నేను సూసేనండి!"

"లక్క కరిగిచ్చింది నేనేనండి!"

"నాకు బూరెలు తక్కువొచ్చాయండి, బాగా గురుతు!"

షెల్టరు గొల్లుమంది. జడ్జిగారు కూర్చోమని చెయ్యి ఊపారు. ఆవిడ పెదవి చివర కదిలింది.

గున్నేశ్వరరావు లేచాడు. "అమ్మా, పోయిన వారం నమూనాలు పాడయ్యాయన్నారు. మీరే కడిగారని ఊళ్లో అందరికీ తెలుసు. దీన్ని కూడా చింతపండుతో తోమలేదని నమ్మకం ఏంటి?"

"లక్కని తోమితే ఏటొత్తాదండి బాబూ? పైపెచ్చు రోజూ నలుగెట్టి నీళ్లు పోసేను. లోపలికి తడి ఎల్లలేదు."

ఆయన ముద్దని దగ్గరగా చూశాడు. "ఇక్కడ గాట్లున్నాయి. ఎవరో విప్పబోయారు."

"అయ్యి పళ్లండి" అంది పేరంటాలు. "పిల్లకి పళ్లొచ్చేటప్పుడు కొరికింది. కావాలంటే నోరు సూసుకోండి."

ఆమని అడక్కుండానే నోరు తెరిచి చూపించింది. గున్నేశ్వరరావు కూడా నవ్వాపుకోలేక కూర్చున్నాడు.

రత్నం కత్తెర అందించింది. పేరంటాలు పిల్ల మొలతాడు పట్టుకుంది. ఈ జంటని విడదియ్యకూడదని అక్కడ ఉన్న ప్రతి ఆడదానికీ తెలుసు. 'అమ్మా, నాకు తెలిసిన భయాలన్నీ నువ్వు నేర్పినవే. ఈ ఒక్కదానికి నువ్వేమీ చెప్పి వెళ్లలేదు' అనుకుంది పేరంటాలు మనసులో. తాడు కత్తిరించింది. రత్నం అందరి ఎదురుగా లక్క పగలగొట్టింది. రెండు తెల్లటి రాళ్లు, ఉయ్యాల నాటి తడి మెరుపుతో, బయటపడ్డాయి. ఒకటి, పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీ నుంచి మోయించి తెచ్చిన యంత్రంలోకి వెళ్లింది. రెండోది సీసాలో పెట్టి, ముద్ర వేసి, మేనేజరు లాయరు చేతికిచ్చారు.

సరిగ్గా అప్పుడే ఆమని తుమ్మింది.

పేరంటాలు పిల్లని గుండెలకి అదుముకుంది. బల్ల వెనక నుంచి గొంతు వినిపించింది.

"చిరంజీవ" అన్నారు జడ్జిగారు.

"చిరంజీవ! చిరంజీవ!" అంది ఊరంతా, కప్పు అదిరిపోయేలా. బంట్రోతు కూడా అన్నాడు. గున్నేశ్వరరావు కూడా అలవాటు కొద్దీ అనేసి, తర్వాత దగ్గాడు.

యంత్రం గురగురలాడింది. చుక్కలు వరసగా పలకల మీద రాలాయి, ఒక్కో రోజుకి ఒక్కో చుక్క. రత్నం పలకలు ముందు జడ్జిగారికి, తర్వాత లాయర్లకి అందించింది. మొదటి చుక్కలు మడపూలు, ఉప్పు, వాన. జడ్జిగారు ఒక పలక దగ్గర ఆగి మళ్లీ వాసన చూశారు, అవసరం లేకపోయినా. తర్వాత ఒక పలక వచ్చింది. గున్నేశ్వరరావు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, అదిరిపడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. చుక్క ఊదా రంగులో ఉంది. ఆ తర్వాత మళ్లీ మంచి నీళ్లు. కొన్నాళ్లకి మళ్లీ ఊదా. మళ్లీ మంచివి. మళ్లీ ఊదా.

"చేప చచ్చిన రోజు నుంచి వెనక్కి లెక్కపెడితే ఈ ఊదా రోజులు ఏవేవి?" అడిగారు జడ్జిగారు.

రత్నం ఒక్కో తారీఖే చదివింది. మొదటి తారీఖు నోట్లోంచి పూర్తిగా రాకముందే వెనక వరసలోంచి ఎవరో అన్నారు.

"అమాసండి!"

రెండోది చదివింది.

"పున్నమండి!" ఈసారి నలుగురైదుగురు.

మూడోది. "అమాస!" షెల్టరు సగం.

నాలుగోది. "పున్నమి!" ఊరంతా. సముద్రం మీద బతికేవాళ్లు, ఆ తుఫాను ఏటి తిథులు మర్చిపోనివాళ్లు. పోటుపాట్లు ఎప్పుడు పెద్దవో వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత తారీఖులకి రత్నం ఊరికే చెయ్యి ఎత్తితే చాలు, పాటకి వంత పాడినట్టు ఊరే అందుకుంది. ఆమని చప్పట్లు కొట్టింది.

జడ్జిగారు అందరినీ ఆపి, మేనేజరు వైపు తిరిగారు. "తుఫాను పంచాంగం చూసుకుని వస్తుందా అండి?"

మేనేజరు తెల్ల చొక్కా చెమటకి తడిసిపోయింది.

ఫ్యాక్టరీవాళ్లు తమ వాటా రాయిని వేరే దేశపు ప్రయోగశాలకి పంపుకున్నారు. అక్కడా అవే చుక్కలు, అవే రోజులు వచ్చాయి. ఆ కాగితం చూశాక మేనేజరు నోరు విప్పి, గేటు తియ్యమన్నది ఎవరో చెప్పాడు. అమావాస్యకీ పున్నమికీ ఫోను చేసి మరీ తియ్యమన్న యజమానికి జైలు, తీసిన మేనేజరుకి అంతకంటే తక్కువ జైలు. ఏరు మళ్లీ కోలుకునేదాకా శుభ్రం చేసే బాధ్యత ఫ్యాక్టరీది. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లిపోయే దారి ఆ రోజుతో మూసుకుపోయింది. తీర్పు వచ్చిన సాయంత్రం పెద్దమడలో బూరెలు ఎవరికీ తక్కువ రాలేదు.

*

మట్టి తవ్వారు, మడ మొక్కలు నాటారు, రెండు వర్షాకాలాల్లో ఏరు ఏరంతా కడుక్కుపోయింది. ఈలోగా ఆమనికి రెండుసార్లు జలుబు, ఒకసారి గవదబిళ్లలు వచ్చాయి. మూడుసార్లూ పేరంటాలు నోరు తెరిచి, రత్నం మొహం చూసి, మూసుకుంది. ఆమని మొలతాడు బోసిగానే ఉంది. తన చిన్నప్పటి ముద్ద ఇస్తానంది రత్నం. పేరంటాలు ఒప్పుకోలేదు. ఎవరి దిష్టి వాళ్లదే అంది.

ఒక పొద్దున నూకరాజు గాడిపాయ లోంచే కేకేశాడు. "ఏమేవ్! ఇటు రా! నడుచుకునే రా, పరిగెత్తి పడకు!"

పడవలో పండుగొప్ప. చేతిలోంచి జారిపోతోంది, వెండిలా.

పేరంటాలే తల కోసింది. జంటరాళ్లు అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, ఒకటి మనవరాలికని కొంగున ముడేసింది, రెండోది ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్లి కూతురి చేతిలో పెట్టింది.

"జంటమ్మా!" అంది రత్నం.

"తెలుసులే. ఒకటి బిడ్డకి, ఒకటి ఏటికి. ఇక నుంచీ అంతే. కానియ్."

చుక్క రాలింది. రత్నం వాసన చూసి, తల్లి ముక్కు దగ్గర పెట్టింది. ఉప్పు, మడపూలు, నానిన ఆకులు.

"ఇంకేటీ లేదా?"

"లేదమ్మా."

"సరిగ్గా సూడు. ఇంకో పొర గీకు."

ఇంకో చుక్క. ఇంకోటి. రాయి మొత్తం అరిగిపోయేదాకా గీకించింది. ఏమీ లేదు. పేరంటాలు పలకలన్నీ ఒకసారి ముక్కు దగ్గర తిప్పుకుని, ఏదో పోగొట్టుకున్నదానిలా చుట్టూ చూసింది.

బయట ఆమని కేరింతలు. పిల్ల అప్పటికే ఏటి వైపు పరుగు తీసింది. రత్నం, నూకరాజు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, రాబోయే కేక కోసం చెవులు సిద్ధం చేసుకున్నారు.

కేక రాలేదు. పేరంటాలు పెద్ద పెద్ద అంగలేస్తూ పిల్లని దాటిపోయింది. గట్టు దగ్గర చీర మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుంది.

"నువ్వాగు. ముందు నేను దిగి సూత్తాను. పామేదన్నా ఉంటే?"

దిగింది. నీళ్లు మోకాళ్లకి చల్లగా తగిలాయి. ఒక చిన్న చేప వచ్చి కాలి వేలు గిల్లిపోయింది. పేరంటాలు వంగి, రెండు చేతులతో అటు నీళ్లు ఇటు, ఇటు నీళ్లు అటు చిమ్ముతూ వెతకడం మొదలెట్టింది. పిల్ల కూడా దిగి, అవ్వ మీద నీళ్లు జల్లింది. అవ్వ పిల్ల మీద జల్లింది.

"ఉందేటే పాము?" అని గట్టు మీంచి అడిగాడు నూకరాజు.

"ఉండు, ఇంకా సూత్తున్నాను!"

పాము లేదు. అయినా సాయంత్రం దాకా వెతుకుతూనే ఉంది.